పాత ఆఫీస్ సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ క్రాష్ అవుతోందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది చదవండి

రెండు గంటలు కూర్చుని షీట్ అంతా నింపి, సేవ్ కొడదాం అనుకునేలోపు స్క్రీన్ పాలిపోయినట్టు తెల్లబడి, పైన ఫైల్ పేరు పక్కన నాట్ రెస్పాండింగ్ అని వచ్చి, ఇంకో నిమిషానికి విండో మొత్తం మాయమైపోతే ఆ బాధ పడినవాళ్లకే తెలుస్తుంది. అదే రోజూ జరిగితే మనిషి ధ్యాస పని మీద కాదు, ఇప్పుడు పోతుందా ఇంకాసేపటికి పోతుందా అన్న భయం మీదే ఉంటుంది. ఎవరికైనా చెప్తే వచ్చే సమాధానం ఒక్కటే, సిస్టమ్ పాతదైపోయింది కదా, ఒకసారి ఫార్మాట్ కొట్టి చూద్దాం అని.

ఈ ఫార్మాట్ కొట్టడం అనేది జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మందు వేసేయడం లాంటిది. తగ్గితే తగ్గుతుంది, తగ్గకపోతే మాత్రం ఒక రోజు పని పోయి, సెట్టింగులన్నీ పోయి, మళ్లీ అదే చోటికి వస్తాం. నేను చూసిన ఒక డెస్క్‌టాప్ సంగతి చెప్తాను, 9 ఏళ్ల సిస్టమ్, 4 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, మూడు నెలల్లో రెండుసార్లు విండోస్ కొత్తగా వేశారు, వేసిన ప్రతిసారీ వారం తిరక్కుండానే మళ్లీ క్రాష్‌లు మొదలయ్యాయి. నా దగ్గరకి వచ్చేసరికి దాన్ని వాడే ఆవిడ ప్రతి ఐదు నిమిషాలకీ సేవ్ కొట్టడం అలవాటు చేసుకున్నారు. దాని సంగతి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఈ వ్యాసం రాయడానికి కారణమే ఆ సిస్టమ్.

ముందు అసలు క్రాష్ అంటే ఏంటో తెలియాలి. మనం సాఫ్ట్‌వేర్ "పాడైపోయింది" అనుకుంటాం కానీ చాలా సార్లు జరిగేది ఏంటంటే, ప్రోగ్రామ్ చేయకూడని పని ఏదో చేసింది, అంటే తనది కాని మెమరీ అడ్రస్‌లో చదవబోయిందో రాయబోయిందో, విండోస్ దాన్ని పట్టుకుని అక్కడికక్కడే ఆపేసింది. మిగతా ప్రోగ్రాములని కాపాడటానికి ఒక్కదాన్ని బలి ఇవ్వడం అన్నమాట. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఇది ఎందుకు పాడైంది" కాదు, "దీనికి తప్పుడు అడ్రస్ ఎక్కణ్ణుంచి వచ్చింది" అని. ఆ తప్పు ప్రోగ్రామ్ రాసినవాళ్లది కావచ్చు, దానికి తగిలించిన యాడ్-ఇన్, అంటే అదనపు పనుల కోసం వేసుకునే చిన్న ప్రోగ్రామ్‌ది కావచ్చు, డ్రైవర్, అంటే ప్రింటర్, గ్రాఫిక్స్ లాంటివాటిని విండోస్‌తో నడిపించే ప్రోగ్రామ్‌ది కావచ్చు, లేదా లెక్క సరిగ్గానే చేసి ర్యామ్‌లో పెట్టిన అంకె తిరిగి తీసేసరికి వేరే అంకె అయి ఉండొచ్చు. పైకి మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి, విండో మాయం.

ఇంకో విషయం, జనం క్రాష్ అనే ఒక్క మాటతో నాలుగు వేరే వేరే జబ్బులని పిలుస్తారు. విండో దానంతట అదే మూసుకుపోతే అది క్రాష్. కదలకుండా తెల్లబడి నిలబడిపోతే అది హ్యాంగ్, అంటే ప్రోగ్రామ్ చచ్చిపోలేదు, దేనికోసమో ఎదురుచూస్తోంది, చాలాసార్లు నెమ్మదించిన డిస్క్ కోసమో, స్పందించని నెట్‌వర్క్ ఫోల్డర్ కోసమో, ఆఫ్‌లో ఉన్న ప్రింటర్ కోసమో. నీలం స్క్రీన్ వస్తే పడింది ప్రోగ్రామ్ కాదు, విండోస్ కెర్నలే, అంటే అన్నిటికీ కింద నడిచే దాని గుండెకాయే, అక్కడ అనుమానం ముందు డ్రైవర్ల మీదా హార్డ్‌వేర్ మీదా పడాలి. ఇక ఏ మెసేజూ లేకుండా కరెంట్ పోయినట్టు ఠక్కున ఆగిపోయిందంటే అది సాఫ్ట్‌వేర్ వల్ల జరగడం చాలా అరుదు, వేడి గానీ పవర్ సప్లై గానీ అయి ఉంటుంది. ఈ నాలుగింట్లో మీది ఏదో తేల్చుకుంటేనే సగం దారి తగ్గిపోతుంది.

వెతుకులాట మొదలుపెట్టే ముందు పని కాపాడుకునే ఏర్పాటు చేసుకోండి. ఎక్సెల్, వర్డ్‌లలో ఆటోరికవర్, అంటే తనంతట తానే కాపీ దాచుకోవడం, మామూలుగా 10 నిమిషాలకోసారి ఉంటుంది, ఆప్షన్స్‌లో సేవ్ అనే చోటుకెళ్లి దాన్ని 2 నిమిషాలు చేయండి. ముఖ్యమైన ఫైళ్లు ఆ సిస్టమ్‌లో కాకుండా బయట ఇంకో చోట ఒక కాపీ ఉండాలి. సిస్టమ్ జబ్బు ఏంటో తెలియనప్పుడు ఆ డిస్క్‌ని నమ్మకూడదు, ఇది ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా వాయిదా వేయకండి.

ఇప్పుడు అసలు పని. విండోస్ తనకి జరిగినవన్నీ రాసిపెట్టుకుంటుంది, మనమే చూడం. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని టైప్ చేస్తే వ్యూ రిలయబిలిటీ హిస్టరీ అని ఒకటి వస్తుంది, విండోస్ విస్టా కాలం నుంచీ ఉంది, ఇన్నేళ్లుగా సిస్టమ్‌లు వాడుతున్నవాళ్లలో కూడా దాన్ని తెరిచినవాళ్లు తక్కువ. తెరిస్తే రోజువారీగా ఒక గ్రాఫ్ ఉంటుంది, 1 నుంచి 10 వరకు ఒక గీత, క్రాష్ అయిన రోజు కింద ఎర్ర గుండ్రంలో ఇంటూ గుర్తు. ఆ గుర్తు ఉన్న రోజు మీద నొక్కితే ఏ ప్రోగ్రామ్, ఎన్ని గంటలకి అనేది కింద వస్తుంది. అక్కడ చూడాల్సింది రెండే రెండు. ఎర్ర గుర్తులు ఏ తేదీ నుంచి మొదలయ్యాయి, ఆ తేదీకి అటూ ఇటూ ఏమైనా ఇన్‌స్టాల్ అయిందా, ఎందుకంటే ఆ ఇన్‌స్టాల్‌లూ అప్‌డేట్‌లూ కూడా అదే గ్రాఫ్‌లో నీలం గుర్తుతో ఉంటాయి. రెండోది, పడుతున్నది ఎప్పుడూ ఒకటే ప్రోగ్రామా, రోజుకో ప్రోగ్రామా.

ఈ రెండో ప్రశ్న నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. ఎప్పుడూ ఎక్సెల్ ఒక్కటే పడి బ్రౌజర్, పీడీఎఫ్ రీడర్ అన్నీ బాగా నడుస్తుంటే అది ఎక్సెల్ ఇంటి గొడవ, హార్డ్‌వేర్ జోలికి వెళ్లక్కర్లేదు. అదే ఇవాళ బ్రౌజర్, రేపు పీడీఎఫ్, ఎల్లుండి ఏ ఇన్‌స్టాలరో, దేనికీ దేనికీ సంబంధం లేకుండా పడుతుంటే అన్ని ప్రోగ్రాములూ ఒకేసారి చెడిపోవు కదా, వాటన్నిటికీ కింద ఉన్న ఉమ్మడి వస్తువు ఏదో చెడింది, ర్యామో, డిస్కో, వేడో, పవరో. పొంతన లేకపోవడమే అక్కడ ఆచూకీ.

ఇంకాస్త లోతుకి వెళ్లాలంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ అనే చోట 1000 నంబర్ ఎర్రర్లు చూడండి, క్రాష్ అయిన ప్రతిసారీ ఒకటి పడుతుంది, హ్యాంగ్ అయితే 1002. ఆ 1000 తెరిస్తే నాలుగైదు లైన్లు ఉంటాయి, అందులో ఫాల్టింగ్ మాడ్యూల్ అనే లైనూ, ఎక్సెప్షన్ కోడ్ అనే లైనూ మనకి కావాలి. మాడ్యూల్ అంటే పడిపోయినప్పుడు ఏ ముక్క నడుస్తోందో దాని పేరు. ప్రతిసారీ ఒకే యాడ్-ఇన్ పేరో, గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైల్ పేరో కనిపిస్తే దొంగ దొరికినట్టే. కానీ ఎన్‌టీడీఎల్ఎల్ అని కనిపిస్తే మాత్రం తొందరపడకండి, అది విండోస్‌లో ప్రతి ప్రోగ్రామూ వాడే మూల ఫైల్, వేరేవాళ్లు చేసిన తప్పు చాలాసార్లు దాని చేతిలో ఉండగా బయటపడుతుంది. దాన్ని నెట్‌లో వెతికి ఏదో సైట్ నుంచి ఆ ఫైల్ డౌన్‌లోడ్ చేసి పెట్టేసేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు, ఉన్న జబ్బుకి తోడు వైరస్ కూడా రావచ్చు.

కోడ్‌లలో ముందుండే 0ఎక్స్ వదిలేసి మిగతాది చదవండి. సి0000005 అంటే ఇందాక చెప్పిన తప్పుడు అడ్రస్, అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది, దానొక్కదానితో ఏదీ తేలదు. సి0000374 అంటే ప్రోగ్రామ్ తన మెమరీ గది లోపల చిట్టా చెడగొట్టుకుంది, ఒకే ప్రోగ్రామ్‌లో పదే పదే వస్తే యాడ్-ఇన్ గానీ ఆ ప్రోగ్రామ్ బగ్ గానీ. సి0000006 వస్తే మాత్రం లేచి కూర్చోండి, ప్రోగ్రామ్‌కి కావాల్సిన ముక్కని డిస్క్ నుంచో నెట్‌వర్క్ నుంచో చదవబోతే రాలేదని దానర్థం, అంటే డిస్క్ చూడాలి, లేదా ఆ ప్రోగ్రామ్ షేర్డ్ ఫోల్డర్ నుంచి నడుస్తుంటే కేబుల్ చూడాలి. సి000001డి అంటే ప్రోసెసర్‌కి తెలియని ఆదేశం ఇచ్చారు, కొత్త సాఫ్ట్‌వేర్ పాత ప్రోసెసర్‌లో లేని ఏవీఎక్స్ లాంటి ఆదేశాలు వాడితే ఇది వస్తుంది, అప్పుడు మీరు చేయగలిగింది ఆ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ వాడటమే.

సరే, ఒక్క ప్రోగ్రామే పడుతోందని తేలింది అనుకుందాం. ఎక్సెల్‌నే తీసుకుంటే, కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని ఎక్సెల్ ఐకాన్ తెరవండి, సేఫ్ మోడ్‌లో తెరవమంటారా అని అడుగుతుంది, అవునంటే యాడ్-ఇన్‌లు లేకుండా తెరుచుకుంటుంది. అందులో పడకపోతే యాడ్-ఇన్‌లు అన్నీ తీసేసి ఒక్కొక్కటిగా తిరిగి పెట్టుకుంటూ రండి, ఎక్కడ మళ్లీ పడితే అదే. ఒకే ఫైల్ తెరిచినప్పుడే పడుతుంటే ఆ ఫైల్‌ని ఇంకో సిస్టమ్‌లో తెరిచి చూడండి, అక్కడా పడితే మీ సిస్టమ్ తప్పేం లేదు, ఫైలే చెడింది. ఇంకో పరీక్ష, విండోస్‌లో కొత్త యూజర్ ఒకటి క్రియేట్ చేసి అందులో లాగిన్ అయి అదే పని చేయండి, అక్కడ బాగుంటే చెడింది పాత యూజర్ ప్రొఫైల్ సెట్టింగులు.

రెండు కారణాలు జనం ఊహించనివి ఉన్నాయి. ఒకటి ప్రింటర్. ప్రింట్ కొట్టకపోయినా వర్డ్, ఎక్సెల్ పేజీ కొలతల కోసం డిఫాల్ట్ ప్రింటర్ డ్రైవర్‌ని అడుగుతుంటాయి, ఎప్పుడో తీసేసిన ప్రింటర్ ఇంకా డిఫాల్ట్‌గా ఉంటే అక్కడే ఆగిపోవచ్చు. డిఫాల్ట్‌ని తాత్కాలికంగా పీడీఎఫ్ ప్రింటర్‌కి మార్చి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. రెండోది గ్రాఫిక్స్, పాత కార్డుకి కంపెనీ కొత్త డ్రైవర్లు ఇవ్వడం మానేసి ఉంటుంది, కొత్త సాఫ్ట్‌వేర్ మాత్రం బొమ్మ గీసే పని దాని మీదే వేస్తుంది, బ్రౌజర్‌లో గానీ వేరే దాంట్లో గానీ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అనే ఆప్షన్ ఆఫ్ చేస్తే చాలా పాత సిస్టమ్‌లు కుదుటపడతాయి.

ఇక మెమరీ చాలకపోవడం. ఇక్కడ ఒక గందరగోళం ఉంది, దాన్ని విప్పాలి. ర్యామ్ నిండితే సిస్టమ్ నెమ్మదిస్తుంది, అంతేగానీ దానికే క్రాష్ అవ్వదు, ఎందుకంటే మిగిలింది డిస్క్ మీద పేజ్ ఫైల్‌లోకి వెళ్తుంది. క్రాష్ అయ్యేది ర్యామూ పేజ్ ఫైలూ కలిపిన మొత్తం హద్దు దాటినప్పుడు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ నొక్కితే కింద కమిటెడ్ అని 11.2/12.0 జీబీ లాగా రెండు అంకెలు కనిపిస్తాయి, మొదటిది రెండోదానికి దగ్గరపడిందంటే తర్వాత మెమరీ అడిగిన ప్రోగ్రామ్‌కి లేదనే సమాధానం వస్తుంది, ఆ లేదు అనేదాన్ని తట్టుకునేలా రాయని ప్రోగ్రామ్ అక్కడే పడిపోతుంది. స్పీడ్ పెరుగుతుందని ఎవరో చెప్తే పేజ్ ఫైల్ ఆఫ్ చేసినవాళ్ల సిస్టమ్‌లలో ఇది చాలా మామూలు, ఆ సలహా తప్పు, దాన్ని మళ్లీ సిస్టమ్ మేనేజ్డ్‌కి పెట్టేయండి. డిస్క్ దాదాపు నిండిపోయి ఉన్నా ఇదే జరుగుతుంది, పేజ్ ఫైల్ పెరగడానికి చోటు ఉండదు కదా.

దీనికి పక్కనే ఇంకో హద్దు ఉంది. 32 బిట్ ప్రోగ్రామ్‌కి సిస్టమ్‌లో 16 జీబీ ర్యామ్ ఉన్నా మామూలుగా 2 జీబీ దాకానే చేయి అందుతుంది, ప్రత్యేకంగా తయారుచేస్తే 64 బిట్ విండోస్ మీద 4 జీబీ. ఆఫీస్ 2019 నుంచి డిఫాల్ట్‌గా 64 బిట్ వస్తోంది కానీ అంతకుముందువి చాలామటుకు 32 బిట్టే వేసుకున్నారు. పెద్ద షీట్లు తెరిచినప్పుడే ఎక్సెల్ పడుతుంటే ర్యామ్ కొనే ముందు ఇది చూసుకోండి, ర్యామ్ ఎంత పెంచినా ఆ ప్రోగ్రామ్‌కి అందదు. అలాగే విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ పట్టుకోగల జీడీఐ ఆబ్జెక్టులు, అంటే ఫాంట్లు బ్రష్‌లు బొమ్మల లాంటివి, మామూలుగా 10,000 వరకే. పాత అకౌంటింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని తీసుకున్నవి తిరిగి ఇవ్వవు, పొద్దున బాగుండి సాయంత్రానికి బటన్లు నల్లగా, మెనూలు సగం సగం కనిపించి పడిపోతాయి. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో ఆ కాలమ్ పెట్టుకుంటే అంకె పెరుగుతూ పోవడం కళ్లతో చూడొచ్చు. దానికి మందు మధ్యాహ్నం ఒకసారి ఆ ప్రోగ్రామ్ మూసి తెరవడం, ఆ కంపెనీకి చెప్పడం.

రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా, మెమరీ అంతా కొత్తగానే మొదలవుతుంది అనుకుంటాం. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని వచ్చింది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు కెర్నల్‌నీ డ్రైవర్లనీ ఉన్నదున్నట్టు డిస్క్ మీద దాచి మర్నాడు అదే లేపుతుంది, నిజంగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్ కొడితేనే. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ కింద అప్‌టైమ్ చూడండి, రోజూ ఆపుతున్న సిస్టమ్ 20 రోజులు అని చూపిస్తే ఆశ్చర్యపోకండి. వారానికోసారి రీస్టార్ట్, లేదా ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్.

డిస్క్ దగ్గరకి వద్దాం. పాత సిస్టమ్‌లో హార్డ్ డిస్క్ ఉంటే ముందు దాన్నే అనుమానించాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరికేది ఒకటి ఉంది, తెరవగానే నీలం అయితే బాగున్నట్టు, పసుపు అయితే జాగ్రత్త అని. కింద ఉన్న పట్టికలో 05, సి5, సి6 అనే మూడు వరసలు చూడండి, 05 అంటే ఇప్పటికే చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్లు, సి5 అంటే చదవడానికి మొరాయిస్తున్నవి, సి6 అంటే ఇక చదవలేనివి. అక్కడి రా వాల్యూస్ సున్నాలు కాకుండా ఉంటే, ముఖ్యంగా వారం వారం పెరుగుతుంటే, ఆ డిస్క్ పని అయిపోయినట్టే. సి7 పెరుగుతుంటే మాత్రం సంతోషించండి, అది చాలాసార్లు డిస్క్ జబ్బు కాదు, డేటా కేబుల్ జబ్బు, కేబుల్ మారిస్తే ఆగుతుంది. ఈ వరసలు చూడకుండా చెక్‌డిస్క్‌ని ఆర్ ఆప్షన్‌తో నడిపేస్తారు చాలామంది, అది డిస్క్ మొత్తాన్నీ మూల మూలా చదివిస్తుంది, చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కి అదే ఆఖరి దెబ్బ అయ్యే అవకాశం ఉంది, అందుకే కాపీ తీసుకున్నాకే. హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారడం పాత సిస్టమ్‌కి చేయగలిగినవాటిలో అన్నిటికన్నా విలువైన పని అని నేను నమ్ముతాను, సగం హ్యాంగ్‌లు దాంతోనే పోతాయి.

ఇప్పుడు ఆ 9 ఏళ్ల డెస్క్‌టాప్. రిలయబిలిటీ గ్రాఫ్ తెరిస్తే విండోస్ కొత్తగా వేసిన ఆరో రోజు నుంచి ఎర్ర గుర్తులు, బ్రౌజర్, పీడీఎఫ్ రీడర్, ఎక్సెల్, ఒకసారి విండోస్ ఎక్స్‌ప్లోరరే. కోడ్‌లు కూడా ఒకదానికొకటి సంబంధం లేనివి. డిస్క్ అంకెలన్నీ శుభ్రంగా ఉన్నాయి. నాకు దారి చూపింది ఒక జిప్ ఫైల్, దాన్ని విప్పితే సీఆర్‌సీ ఎర్రర్ అంది, అంటే లోపలి డేటా లెక్క సరిపోలేదని, ఫైల్ చెడింది కాబోలు అని పక్కన పెట్టబోయి ఎందుకో ఇంకోసారి విప్పాను, ఏ గొడవా లేకుండా విప్పుకుంది. మూడోసారి మళ్లీ ఎర్రర్, కానీ ఈసారి వేరే ఫైల్ దగ్గర. డిస్క్ మీద ఫైల్ అదే, విప్పే ప్రోగ్రామ్ అదే, ఫలితం మాత్రం రోజుకో మాట చెప్పేవాడిలా మారుతోంది. మధ్యలో ఉన్నది ర్యామ్ ఒక్కటే.

ఆ రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి దాంట్లోంచి బూట్ చేసి వదిలేశాను. విండోస్‌లో కూడా మెమరీ డయాగ్నొస్టిక్ అని ఒకటి ఉంది, అది ఎర్రర్ చూపిస్తే నమ్మొచ్చు, చూపించకపోతే మాత్రం అదే ఆఖరి మాట అనుకోకండి. మెమ్‌టెస్ట్ మొదటి పాస్, అంటే ఒక చుట్టు పరీక్ష, ఏ తప్పూ లేకుండా అయిపోయింది, రెండోదీ అంతే, అక్కడ ఆపి ఉంటే ర్యామ్ బాగుందని రాసేసుకునేవాణ్ణి. పొద్దున వచ్చి చూస్తే మూడో పాస్ నుంచి స్క్రీన్ కింద ఎర్ర వరసలు, అన్నీ దాదాపు ఒకే అడ్రస్ దగ్గర. ర్యామ్ విషయంలో ఇన్ని ఎర్రర్లు పర్వాలేదు అనే లెక్క లేదు, ఒక్కటి వచ్చినా చెడిందనే అర్థం. సిస్టమ్ ఆపి ప్లగ్ పీకి రెండు స్టిక్కులూ తీసి, కాంటాక్టులు రబ్బరుతో మెల్లగా రుద్ది తుడిచి, ఒక్కొక్కటే పెట్టి మళ్లీ రాత్రంతా నడిపాను. ఒకటి శుభ్రం. రెండోదాన్ని ఏ స్లాట్‌లో పెట్టినా అవే ఎర్రర్లు, అంటే స్లాట్ బాగానే ఉంది, స్టిక్కే చెడింది. అది తీసేసి 4 జీబీతోనే నడిపితే సిస్టమ్ నెమ్మదిగా అయినా మూడు వారాలు ఒక్కసారి కూడా పడలేదు, తర్వాత ఇంకో స్టిక్ వేశాం. రెండుసార్లు కొత్త విండోస్ వేసినా వారం తిరక్కుండా ఎందుకు పడిందో ఇప్పుడు అర్థమవుతుంది, చెడ్డ ర్యామ్‌లోంచే కదా ఆ కొత్త విండోస్ కూడా డిస్క్ మీదకి వెళ్లింది.

ఇలాంటివి అరుదు అనుకునేవాళ్ల కోసం ఒక మాట. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సుమారు 10 లక్షల మామూలు పీసీల నుంచి వచ్చిన క్రాష్ వివరాలు పరిశీలించి ఒక పేపర్ రాశారు, అందులో ముఖ్యమైన సంగతి ఏంటంటే హార్డ్‌వేర్ వల్ల ఒకసారి క్రాష్ అయిన సిస్టమ్ రెండోసారి అలాగే క్రాష్ అయ్యే అవకాశం వంద రెట్ల దాకా పెరుగుతుంది. ఏదో ఒకసారి వచ్చింది, చూద్దాంలే అని వదిలేయడం హార్డ్‌వేర్ దగ్గర పనికిరాదు.

వేడి, పవర్ గురించి. వీటికి ఒక లక్షణం ఉంది, బరువు పడినప్పుడే బయటపడతాయి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు గంట బాగా నడిచి మధ్యాహ్నం వీడియో కాల్‌లో పడిపోతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటిది పెట్టి ప్రోసెసర్ డిగ్రీలు చూడండి, చాలా ఇంటెల్ చిప్‌లకి 100 డిగ్రీలు పై హద్దు, దాని దగ్గరకి రాగానే వేగం తగ్గించుకుంటుంది, అయినా తగ్గకపోతే తనని తాను ఆపేసుకుంటుంది. ఏళ్ల తరబడి తెరవని డబ్బాలో హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని గాలితో ఊదండి, థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే మార్చండి. మదర్‌బోర్డ్ మీద చిన్న డ్రమ్ముల్లాంటి కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉండాలి, ఉబ్బి ఉన్నా గోధుమ రంగు ద్రవం కారి ఉన్నా ఆ బోర్డ్ మీద ఇక సమయం పెట్టొద్దు. పవర్ సప్లైని మాత్రం మీరు విప్పకండి, ప్లగ్ పీకినా లోపల చార్జ్ ఉంటుంది, మంచిదని తెలిసిన ఇంకోటి తగిలించి చూడటమే పరీక్ష. ల్యాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు గానీ కింద మూత ఉబ్బినట్టు గానీ ఉంటే అది బ్యాటరీ, క్రాష్‌ల సంగతి పక్కనపెట్టి వెంటనే వాడటం ఆపండి. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తే కారణం దొరికిందని చాలామంది అనుకుంటారు, అది కారణం కాదు, సరిగ్గా షట్‌డౌన్ అవ్వకుండా లేచాను అని విండోస్ చెప్పుకోవడమే. దాని చుట్టుపక్కల డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ అని ఎర్రర్లు ఉంటే మాత్రం హార్డ్‌వేర్ తనంతట తను చేయి ఎత్తినట్టు.

తేదీ మాటిమాటికీ వెనక్కి పోతుంటే బోర్డ్ మీదుండే నాణెం బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. తేదీ తప్పైతే సైట్లు సర్టిఫికెట్ ఎర్రర్ అంటాయి, లైసెన్స్ చూసే సాఫ్ట్‌వేర్లు తెరుచుకోవు, జనం దాన్నీ క్రాష్ ఖాతాలోనే వేస్తారు.

హార్డ్‌వేర్ అంతా బాగుందని తేలాకే విండోస్ ఫైళ్ల రిపేర్. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి ముందు డిజమ్ రిస్టోర్‌హెల్త్ అనే కమాండ్, అది అయ్యాక ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే కమాండ్, ఈ వరసలోనే, ఎందుకంటే రెండోది సరిచేయడానికి వాడే మంచి కాపీలని మొదటిది బాగుచేస్తుంది. చెడ్డ ర్యామ్ ఉండగా ఇవి నడిపితే రిపేర్ పేరుతో కొత్త తప్పులు రాసే ప్రమాదం ఉంది, అందుకే ఈ పనిని చివర పెట్టాను. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడుస్తుంటే ఒకటి తీసేయండి. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో మైక్రోసాఫ్ట్‌వి కాని సర్వీసులన్నీ ఆపి రీస్టార్ట్ చేస్తే, దాన్నే క్లీన్ బూట్ అంటారు, అప్పుడు క్రాష్‌లు ఆగితే ఆ ఆపినవాటిలో ఒకటి దొంగ, సగం సగం ఆన్ చేసుకుంటూ వస్తే ఐదారు రీస్టార్ట్‌లలో దొరుకుతుంది. ఇలాంటి లోతుల్లో నడిచే సాఫ్ట్‌వేర్ ఎంత పని చేయగలదో 2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్ ఫైల్‌తో సుమారు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు నీలం స్క్రీన్‌కి వెళ్లాయి, అందులో కొత్తవీ ఉన్నాయి పాతవీ ఉన్నాయి. పడిపోయిన ప్రతిదానికీ వయసే కారణం కాదు.

ఏది చేసినా ఒకసారికి ఒక్కటే మార్చండి. ర్యామ్ మార్చి, డ్రైవర్ వేసి, యాంటీవైరస్ తీసి మూడూ ఒకే రోజు చేస్తే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలీదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటికే. ఒక కాగితం మీద తేదీ, ఏం మార్చాను, తర్వాత ఎన్ని రోజులు పడలేదు అని రాసుకుంటే చాలు. వారానికోసారి పడే సిస్టమ్ రెండు రోజులు పడకపోతే బాగైనట్టు కాదు, మూడు వారాలైనా చూడాలి.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లాంటిది కావాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం నుంచే తీసుకుంటుంది. విండోస్ 7, 8.1 మీద క్రోమ్ 109 వెర్షన్‌తోనే ఆగిపోయింది. అంటే సిస్టమ్ బాగున్నా దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలి ముందుకెళ్లిపోయే రోజు వస్తుంది. డిస్క్, ర్యామ్, దుమ్ము వరకు అయితే బాగుచేయించుకోవడం లాభమే, మదర్‌బోర్డ్ చెడితే మాత్రం డేటా తీసుకుని దానికి సెలవివ్వడం మంచిది.

ఆ డెస్క్‌టాప్ బాగయ్యాక ఇంకో పని మిగిలింది, అది నాకు ముందు తట్టలేదు. ఆ మూడు నెలలూ తీసిన బ్యాకప్ జిప్‌లన్నీ కూడా ఆ చెడ్డ స్టిక్‌లోంచే వెళ్లాయి. ఒక్కొక్కటీ తెరిచి చూస్తే పద్నాలుగింట్లో రెండు తెరుచుకోలేదు, ఎన్నిసార్లు విప్పినా అదే చోట ఎర్రర్, ఈసారి నిజంగానే ఫైల్ చెడింది. ఆవిడ ఆ రెండు వారాల ఎంట్రీలని కాగితం బిల్లులు ముందు పెట్టుకుని మళ్లీ కొట్టారు, నేను పక్కన కూర్చుని అంకెలు చదివాను.